బొజ్జతాతకు బంగారు పూత

ఆ వేసవి గురించి చెప్పాలంటే ముందు ఒక బొజ్జ గురించి చెప్పాలి.

మా కుట్టుశాలలో కటింగు బల్ల మీద ఒక ఇత్తడి విగ్రహం ఉండేది. జానెడు ఎత్తు. నున్నటి గుండు, భుజాల దాకా వేలాడే చెవులు, వీపున గుడ్డసంచి, నోరంతా నవ్వు, ఆ నవ్వుకంటే ముందు మనల్ని పలకరించే బొజ్జ. అందరూ బొజ్జతాత అనేవాళ్లు. అది ఈ శాలకు ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు ముగ్గురున్నారు, కథలు మాత్రం నాలుగు. నాలుగింటిలోనూ కలిసే మాట ఒక్కటే: తాత వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ కత్తెర కింద ఒక్క బట్టా పాడైంది లేదు.

పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తగానే ఒక్కొక్కరే వచ్చి, ఆ బొజ్జ ఒకసారి నిమిరి, వెళ్లి మిషను ముందు కూర్చునేవారు. మా వాళ్లే కాదు. గుండీల కొట్టు ఆవిడ తన కొట్టు తాళం తీసే ముందు ఇటు వచ్చి వెళ్లేది. డ్రైవింగు పరీక్షకు పోయేవాడు, కొత్తగా పనిలో చేరేవాడు, నెలలు నిండిన కోడలి చెయ్యి పట్టుకుని అత్తగారు, అందరూ వచ్చేవారు. "ఇది కుట్టుశాలా, పెళ్లివారి విడిదా?" అని ఓనరమ్మ విసుక్కునేది. తనకు బ్యాంకులో పనిపడిన రోజు మాత్రం మేమందరం భోజనాలకు లేచేదాకా ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని చటుక్కున నిమిరేది. అందరం చూసేవాళ్లం.

అలాగని తాత ఊరికే కూర్చుని పలకరింపులు అందుకునే రకం కాదు. పనిచేసేవాడు. మా నాన్న ఆ శాలకు కటింగు మాస్టరు. పది పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, పైన చొక్కా ఆకారంలో కోసిన అట్ట పెట్టి, ఆ అట్ట కదలకుండా దాని మీద తాతను కూర్చోబెట్టేవాడు. తాత అడుగుభాగం పోతపోసిన నాటి గరుకుతోనే ఉండేది. ఒకసారి కూర్చున్నాడంటే అట్టను కరిచి పట్టుకునేవాడు.

నా చిన్నప్పుడు నాన్న అట్ట చుట్టూ సుద్దతో గీసి, అట్ట తీసేసి, ఆ గీత వెంట కోసేవాడు. ఈమధ్య గీయడం మానేశాడు. ఎడమచేతి వేళ్లు అట్ట అంచు మీద నడుస్తుంటే, వాటి వెనకే కత్తెర నడిచేది. "మాస్టరుకి సుద్ద కూడా దండగే. చెయ్యే కొలబద్ద" అని కాజాల పిన్ని కొత్తగా చేరినవాళ్లకు చూపించి మరీ చెప్పేది. ఈ పిన్ని వరసకు ఎవరికీ పిన్ని కాదు. ముప్పై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతూ అందరికీ పిన్ని అయిపోయింది.

ఆ వేసవి మొదట్లోనే నా డిగ్రీ ఫలితం వచ్చింది. మా ఇంట్లో నాకు ముందు పదో తరగతి గట్టెక్కినవాళ్లు లేరు. మూడేళ్లూ ప్రతి పరీక్షకూ తాత బొజ్జ నిమిరే వెళ్లాను. కాలేజీ గ్రంథాలయంలో ఆయన గురించి వెతికి చదివాను కూడా. పాసైన సంబరంలో అదంతా భోజనాల వేళ శాలలో చెప్పాను.

"ఈయన బుద్ధుడు కాదు పిన్నీ. బుద్ధుడి దారిలో నడిచిన ఒక సన్యాసి. ఇల్లూ వాకిలీ లేవు. ఉన్నదల్లా ఆ గుడ్డసంచే. అందులో ఏది పడితే అది పిల్లలకు పంచేసేవాడట. రాబోయే బుద్ధుడు ఈయనే అని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు."

పిన్ని ముద్ద మింగి, తాతవైపు కొత్తగా చూసింది. "అవునూ, ఆ సంచి ఎవరు కుట్టారట?"

"అది పుస్తకంలో లేదు."

"ఉండదు. అసలు పనిచేసినవాళ్లను వదిలేసి రాయడమే పుస్తకాల పద్ధతి."

శాలలోనే కాలర్లు కుట్టే మా అమ్మ పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం ఒక సంగతి మనసులో పడిపోయింది. ఇన్నేళ్లుగా ఇంతమందికి ఇచ్చినవాడికి మేము ఇచ్చిందేమిటి? బొజ్జ ఒక్కటి అందరి చేతులూ తగిలి మెరుస్తుంది. మిగతా ఒళ్లంతా మిషను నూనె, సుద్దపొడి, నలుపు. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్నది నా దగ్గర కొంత ఉంది. అడిగితే అందరూ వద్దంటారని తెలుసు. అందుకే అడగలేదు.

ఆదివారం శాలకు సెలవు. తాళం చెవి ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంటుంది. తాతను పాత తువ్వాలులో చుట్టుకుని, లోహాలకు మెరుగు పెట్టే ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన చేత్తో ఎత్తి చూసి, "అబ్బో, మంచి బరువు. ఎవరిదమ్మా?" అన్నాడు.

"అందరిదీనండీ."

"అందరిదీ అయితే గట్టి పూత వెయ్యాలి. బుధవారం రా."

తిరిగొచ్చి, తాత ఉండే చోట ఒక అట్టముక్క నిలబెట్టాను. దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను: "బొజ్జతాత ముస్తాబుకి వెళ్లాడు. బుధవారం వస్తాడు."

సోమవారం పొద్దున దాన్ని చూసి అందరూ నవ్వారు. గుండీల కొట్టు ఆవిడ అలవాటుగా చెయ్యి చాపి, ఖాళీ గాలిని నిమిరి, "ఈ వారం నా బేరం గోవిందా" అంటూ వెళ్లిపోయింది. నాన్న బల్ల దగ్గరకు వచ్చి, తాత ఉండే చోట అరచెయ్యి ఆనించాడు. అటూ ఇటూ కదిలించాడు. అట్టముక్క ఆయన వేలికి తగిలి పడిపోయింది. దాన్ని తీసి మళ్లీ నిలబెట్టి, "తాతేడి?" అన్నాడు.

అక్షరాలు ఆయన మొహానికి ఎదురుగా ఉన్నాయి. పిన్ని చదివి వినిపించింది. నాన్నకు కోపం వచ్చి అలా అడిగాడని అనుకున్నాను.

"బుధవారమా?" అన్నాడు. నావైపు తిరిగి, "ఒక మాట అడగాల్సింది తల్లీ" అన్నాడు. అంతే.

అప్పుడు శాలలో బడిబట్టల సీజను. బడులు తెరిచేలోగా ఆరువందల చొక్కాలు ఇవ్వాలి. ముప్పై నాలుగు సైజు వెనక భాగాలు తాత వెళ్లకముందే కోయడం అయిపోయింది. ముందు భాగాలు కోయాలి. నాన్న సోమవారం బట్ట దులిపి మడతలు పెట్టాడు. మంగళవారం కత్తెరకు పదును పెట్టాడు. బుధవారం నేను వెళ్తే మెరుగాయన మోటారు కాలిపోయిందని, శనివారం రమ్మన్నాడు. గురువారం పొద్దున ఓనరమ్మ ఇక ఆగలేదు.

"మాస్టరు గారూ, మిషన్లు ఖాళీగా కూర్చున్నాయి. కావలసింది బరువే కదా. ఇస్త్రీపెట్టె పెట్టుకుని కోసెయ్యండి."

"తాత వచ్చాక అయితే..."

"తాత వచ్చేసరికి బడులు తెరిచి పరీక్షలు కూడా అయిపోతాయి!"

నాన్న ఇస్త్రీపెట్టె అట్ట మీద పెట్టి, ఎప్పటిలాగే వేళ్లు ముందు, కత్తెర వెనక, సాయంత్రానికి పన్నెండు దొంతరలు కోశాడు. దొంతరకు పది, మొత్తం నూట ఇరవై చొక్కాల ముందు భాగాలు. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో చేతివేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు పదిన్నరకు కాజాల పిన్ని రెండు ముక్కలు పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చింది. ఒకటి వెనక భాగం, ఒకటి ముందు భాగం. పక్కపక్కన పరిచింది. ముందు భాగం వేలెడు ఇరుకుగా ఉంది. ఓనరమ్మ మెడలోని టేపు తీసి కొలిచింది. ఇంకో ముక్క తెప్పించి కొలిచింది. ఇంకోటి. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇస్త్రీపెట్టె అడుగు నున్నన కదా, అట్ట జరిగిపోయింది" అంది ఓనరమ్మ. "ప్రతి దొంతరలోనూ జరిగింది. మాస్టరు గారూ, సుద్దగీత వేసుకోలేదా?"

"లేదమ్మా."

"పోనీ, అట్ట జరుగుతుంటే కనిపించలేదా?"

నాన్న ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచు మీద చూపుడువేలు పైనుంచి కింద దాకా నడిపాడు. కళ్లు ఎదురుగోడ వైపు ఉన్నాయి.

"లేదమ్మా" అన్నాడు.

అది మిగతావాళ్లకు ఒక చిన్న జవాబు. నాకు మాత్రం రోజూ పొద్దుటి పేపరు గుర్తొచ్చింది.

ఏడాదిగా రోజూ పొద్దున నాన్న పేపరు తెచ్చి నా చేతికిచ్చి చదివించుకునేవాడు. "డిగ్రీ చదివే నోటితో వింటే వార్త కూడా మర్యాదగా ఉంటుందే" అనేవాడు. నేను పొంగిపోయి సంపాదకీయం దాకా చదివేదాన్ని. ఒక్కరోజైనా ఆయన పేపరు విప్పడం నేను చూడలేదు. సోమవారం నా అట్టముక్కను తీసి, నిలబెట్టి, దాని ఎదురుగానే నిలబడి తాతేడని అడిగాడు.

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. "తాత లేడు, అందుకే" అన్నారొకరు. "ఇన్నేళ్లలో జరిగిందా? తాత బల్ల దిగగానే జరిగింది" అన్నారింకొకరు. అమ్మ లేచి వచ్చి ముక్కలు చూసి, "ముప్పై నాలుగుకి పనికిరావు గానీ ముప్పై రెండుకి సరిపోతాయి. ఆ సైజు ఎలాగూ నూట యాభై కావాలి. వెనకవి కొంచెం తగ్గించుకుంటే సరి. బట్ట పోదు అమ్మగారూ" అంది. నాన్నవైపు చూడలేదు.

ఓనరమ్మ టేపు చుట్టుకుంటూ, "బట్ట పోదు సరే. ఇలా ఇంకోసారి అయితే సీజను పోతుంది. సోమవారం వెనకవీధి మాస్టర్ని రమ్మని కబురు పెడతాను. మీరు కొన్నాళ్లు మడతలు చూసుకోండి మాస్టరు గారూ" అంది.

ఇరవై ఆరేళ్లు కత్తెర పట్టిన మనిషిని మడతలు పెట్టమంది. పిన్ని గయ్‌మంది. "తాత లేకపోతే ఆయనేం చేస్తాడమ్మా? తాతను రానియ్యండి. సోమవారం తాత ముందు కోయించండి. తేడా వస్తే అప్పుడు కబురు పెట్టండి."

ఓనరమ్మ బల్ల మీద తాత ఉండే ఖాళీ చోటు వైపు చూసింది. బ్యాంకు రోజులు గుర్తొచ్చాయేమో. "సరే. తాత వచ్చాక చూద్దాం" అంది.

భోజనాల వేళ నాన్న వెనక మెట్ల మీద కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"ఏది?"

"పేపరు."

నాన్న చిన్నగా నవ్వాడు. "దొరికిపోయానన్నమాట. పోయిన వానాకాలం నుంచి. ముందు సుద్దగీత పోయింది. తర్వాత అక్షరం పోయింది. నీ మొహం ఉంది. దగ్గరకొస్తే."

"అమ్మకి తెలుసా?"

"మీ అమ్మకు తెలియకుండా దాచే మొగాడు ఇంకా పుట్టలేదు."

"డాక్టరుకి చూపిస్తే..."

"చూపిస్తే కాగితం మీద రాసిస్తాడు. రాశాక నలుగురికీ తెలుస్తుంది. కళ్లు ఆనని కటింగు మాస్టర్ని ఎవరు పెట్టుకుంటారే? నీ చదువు అయ్యేదాకా లాగితే చాలనుకున్నాను. తాత పట్టుకునేవాడు, నేను కోసేవాణ్ణి. నడిచిపోయింది."

ఆ తాతను తువ్వాలులో చుట్టుకుపోయింది నేను. తల వంచుకున్నాను. నాన్నకు నా మొహం కనిపించలేదు గానీ ఊపిరి వినిపించినట్టుంది. తడుముకుని నా తల మీద చెయ్యి వేశాడు.

"బాగుండాలనే కదా చేశావు. రేపు తెచ్చేస్తావుగా. మళ్లీ నడిచిపోతుంది."

శనివారం వెళ్లాను. మెరుగాయన గుడ్డ తొలగించి చూపించాడు. తాత తలనుంచి పాదాల దాకా పచ్చగా బంగారు రంగులో వెలిగిపోతున్నాడు. సుద్ద లేదు, నూనె లేదు, నలుపు లేదు. బొజ్జ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు, అంతా ఒకటే మెరుపు.

"మూడురోజులు ఆలస్యం చేశాను కదా, దానికి బదులుగా ఇంకో పని చేసిపెట్టాను" అంటూ ఆయన తాతను బోర్లా తిప్పాడు. "అడుగంతా గరుకుగా ఉంటే రాయి పెట్టి నున్నగా తీసేశాను. బల్ల గీసుకుపోదు ఇక."

చేత్తో తడిమి చూశాను. ఇస్త్రీపెట్టె కంటే నున్నగా ఉంది. ఆయన మొహంలో సంతోషం చూస్తే ఏమనగలను? థాంక్సండీ అని తెచ్చేశాను.

ఇంటికి రాగానే నాన్నకు చెప్పాను. ఆయన తాతను ఒళ్లో పెట్టుకుని అడుగంతా వేళ్లతో చాలాసేపు చూశాడు. "బాగా తీశాడు" అన్నాడు చివరికి. "పనిమంతుడు."

"నేను దాని కింద ఏదైనా అంటిస్తాను నాన్నా. ఎవరికీ తెలియదు. సోమవారం గడిచిపోతుంది."

నాన్న తాతను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టేశాడు. ఆదివారమంతా ఆ తువ్వాలు విప్పనివ్వలేదు.

సోమవారం షట్టరు ఎత్తాను. తాతను బల్ల మీద పెట్టాను. వచ్చినవాళ్లందరూ "అబ్బ!" అన్నారు. ఎవరూ ముట్టుకోలేదు. గుండీల కొట్టు ఆవిడ చెయ్యి చాపబోయి, చీరకు తుడుచుకుని, "పూత మీద వేలిముద్రలు పడతాయేమో" అని వెనక్కి తగ్గింది. పిన్ని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, చుట్టాల ఇంట్లో అద్దాల బీరువా చూసినట్టు వంగి చూసింది. "బాగున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నాడు. పలకరించాలంటేనే మొహమాటంగా ఉంది."

పది పొరలు పరిచారు. అట్ట పెట్టారు. ఓనరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. నాన్న తాతను ఎత్తి అట్ట మీద కూర్చోబెట్టి, ఎడమచెయ్యి తీసి, ఒక్క వేలితో మెల్లగా తోశాడు. తాత నవ్వుతూనే అట్ట మీద జానెడు జారిపోయాడు.

నాన్న మళ్లీ జరిపి సర్దలేదు. కత్తెర తీసుకోలేదు.

"అమ్మగారూ, మొన్న పొరపాటు తాత లేకపోవడం వల్ల జరిగింది కాదు" అన్నాడు. కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "నాకు కళ్లు ఆనడం లేదు. ఏడాదైంది. అట్ట జరిగితే తెలుసుకునే చూపు లేదు. తాత జరగడు కాబట్టి ఇన్నాళ్లూ దొరకలేదు. మీ బట్ట మీద ఇంకోసారి పందెం వెయ్యలేను. వెనకవీధి మాస్టర్ని పిలిపించండి."

కాలరు మిషను దగ్గర అమ్మ, దారం తెగకపోయినా దారం చూసుకుంటోంది.

"నాకు తెలుసులెండి మాస్టరూ" అంది కాజాల పిన్ని. "నా సూదిలో దారం ఎక్కించిపెట్టమంటే ఆరునెలలుగా వేరే పని ఉందంటున్నారు. అడిగిన ప్రతిసారీ ఉంటుందా వేరే పని? ఎందుకులే అని నేనూ మిషను వైపు తిరిగిపోయేదాన్ని."

ఓనరమ్మ కుర్చీలో కూలబడింది. "అందరికీ తెలుసు. బట్ట నాది, నాకు తెలియదు. బాగుంది!" అంది. కోపమో, ఏడుపో తెలియలేదు. "వెనకవీధివాడు కాలర్లు పాడుచేస్తాడయ్యా. నాకు తెలియదనుకున్నావా? ఇప్పుడేం చెయ్యను నేను?" అంది. ఆమె నాన్నను అండీ అనకపోవడం అదే మొదటిసారి. ఎందుకో అది మర్యాద తగ్గినట్టు అనిపించలేదు.

నేను బల్ల అడుగున డబ్బాలోంచి సుద్దముక్క తీశాను. చిన్నప్పుడు నాన్న గీస్తుంటే పక్కన నిలబడి సొంతంగా గీతలు గీసి తిట్లు తిన్నదాన్ని. అట్టను రెండు చేతులతో నొక్కి పట్టుకుని చుట్టూ గీశాను. అట్ట తీసేశాను. ముదురు నీలం బట్ట మీద తెల్లటి గీత నిలిచింది.

"గీత నేను చూస్తాను. చెయ్యి నాన్నది" అన్నాను.

"డిగ్రీ చదివి కటింగు బల్ల దగ్గర నిలబడతావా?" అంది ఓనరమ్మ.

"చదవడమే కదమ్మగారూ. రోజూ పొద్దున చేస్తున్న పనే."

నాన్న కత్తెర అందుకుని, ఎడమచెయ్యి బట్ట మీద ఆనించి, "చదువు తల్లీ" అన్నాడు.

చదివాను. "తిన్నగా. తిన్నగా. ఇక్కడ చంక మొదలవుతుంది, కుడికి తిప్పు. ఇంకా. ఆగు. ఒక గింజంత లోపలికి వచ్చావు. ఊ, ఇప్పుడు కిందికి." కత్తెర మొదట తడబడింది. మూడో దొంతరకు నా మాటకు ముందే కొంచెం వంగడం మొదలుపెట్టింది. పిన్ని ముందు ముక్క, వెనక ముక్క పక్కపక్కన పెట్టి చూసి, ఓనరమ్మ వైపు తలాడించింది.

"ఇద్దరు కలిసి ఒక మాస్టరన్నమాట" అంది ఓనరమ్మ లేస్తూ. "సీజను వరకే. బడులు తెరవగానే కళ్లు చూపించుకోవాలి. చూపించుకోకపోతే నేనే లాక్కుపోతాను."

సాయంత్రం పని అయ్యాక నాన్న, బల్ల చివర ఒంటరిగా మెరుస్తున్న తాతను చేత్తో వెతుక్కుని, సుద్ద అంటిన అరచెయ్యి తెచ్చి బొజ్జ మీద వేశాడు. తీసేసరికి బంగారం మీద తెల్లగా ఐదు వేళ్లు. అమ్మో అన్నారెవరో. పిన్ని గబగబా వచ్చి ఆ వేళ్ల మీదే తన చెయ్యి వేసి రుద్దింది. "మాస్టరు ఎంగిలి చేసేశాడుగా, ఇంకేం మొహమాటం" అంది. మర్నాటి నుంచి వరస మళ్లీ మొదలైంది.

ఆ వారంలోనే పిన్ని ముతకగుడ్డ నాలుగు మడతలు వేసి దిట్టంగా కుట్టి, తాత అడుగున అంటించింది. "సంచి ఎవరు కుట్టారో పుస్తకంలో లేదన్నావు. చాప నేను కుట్టాను, రాసిపెట్టుకో" అంది నాతో. ఇదిగో, రాస్తున్నాను.

ఆరువందల చొక్కాలూ రెండు రోజుల ముందే ఇచ్చేశాం. బడులు తెరిచిన మూడోవారంలో నాన్న కుడికంటికి ఆపరేషను చేశారు. ఎడమకన్ను ఇక అంతేనన్నారు. కట్టు విప్పి నల్లకళ్లద్దాలు పెట్టాక, ఇంటికి వెళ్దామంటే వినలేదు. తిన్నగా శాలకే వచ్చాడు.

అందరూ చుట్టూ మూగారు. ఆయన ఎవరి మొహమూ చూడకుండా ముందు బల్ల దగ్గరకు వెళ్లి, తాత ఎదురుగా వంగి నిలబడ్డాడు. పూత వేయించాక నాన్న తాతను చూడటం అదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది. తల, చెవులు, సంచి, పాదాలు అన్నీ బంగారు రంగులో ఉన్నాయి. నడుమ బొజ్జ మీద మాత్రం పూత అరిగి, అరచేయంత మేర పాత ఇత్తడి బయటపడింది.

"ఈ బొజ్జ ఒక్కటే మన తాతది" అన్నాడు నాన్న. "మిగతా పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు."

"పరిచయమవుతాడు లెండి. చేతులున్నాయిగా మనకి" అంది పిన్ని.

నాన్న బొజ్జ నిమిరాడు. తర్వాత కత్తెర తీసి, బరువు చూసుకుని, తెచ్చి నా చేతిలో పెట్టాడు. తను వచ్చి, రోజూ నేను నిలబడే చోట నిలబడి, నల్లకళ్లద్దాలు కొంచెం పైకి ఎత్తి, బట్ట మీద సుద్దగీతను వెతికి పట్టుకున్నాడు.

"కొయ్యి తల్లీ" అన్నాడు. "ఈసారి నేను చదువుతాను."